బాల్కనీ గోడ మీద నిలువు తోట: ఏ వరుసలో ఏ మొక్క, ఎలా పెంచాలి

నిలువు తోట అన్న పేరు కొత్తదే గానీ పని మనకు పాతదే. దడి మీదికి చిక్కుడు పాకించడం, పెరటి కంపకు బచ్చలి ఎక్కించడం, నూతి పక్కన పందిరి వేసి దాని మీదికి సొర, బీర పాదులు అల్లించడం చూస్తూ పెరిగిన వారికి, నేల చాలనప్పుడు మొక్కను పైకి పంపాలన్న సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ దడి కింద, ఆ పందిరి కింద నేల ఉండేది. వేరు లోతుకు దిగి తన నీళ్ళను తానే వెతుక్కునేది. అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో, పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న బాల్కనీలో గోడకు వేలాడే మొక్కకు దక్కేది రెండు లీటర్ల మట్టి మాత్రమే. ఆ మట్టిలో మీరు పోసినంతే నీరు, మీరు వేసినంతే ఎరువు.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు మొక్కల గురించి చాలా ఆలోచించాను, గోడ గురించి అసలు ఆలోచించలేదు. పడమటి వైపు గోడకు ఫెల్ట్ గుడ్డతో కుట్టిన సంచుల వరుసలను నేరుగా మేకులతో బిగించి, అన్ని సంచుల్లోనూ ఒకే రకం మట్టి నింపి, అన్నిటికీ ఒకే కొలతతో నీళ్ళు పోశాను. ఏప్రిల్ నెల గడిచేలోపు పై వరుస మాడిపోయింది, అట్టడుగు వరుస కుళ్ళిపోయింది, మధ్యలో రెండు వరుసలు మాత్రం ఏమీ జరగనట్టు పచ్చగా ఉన్నాయి. వీటన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన నష్టం ఇంకొకటి ఉంది: గోడకు అవతల ఉన్న పడకగదిలో రంగు పొక్కులు పొక్కులుగా లేచి రాలడం మొదలుపెట్టింది.

ఆ సంచుల మూలం ఏమిటో తరువాత తెలుసుకున్నాను. ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బ్లాంక్ పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం వంటి భవనాల మీద పెంచిన పచ్చటి గోడల్లో మొక్కలకు మట్టి ఉండదు. ఇనుప చట్రానికి పీవీసీ పలకలు బిగించి, వాటి మీద ఫెల్ట్ పరచి, వేళ్ళను ఆ గుడ్డలోనే పాకనిస్తూ, పోషకాలు కలిపిన నీటిని పైనుంచి రోజుకు చాలాసార్లు మోటారు సాయంతో జారవిడుస్తారు. చట్రానికీ గోడకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంటుంది. మన బజారులో దొరికే సంచి ఆ గోడ రూపాన్ని తెచ్చుకుంది గానీ దాని మోటారునూ, ఖాళీనూ తెచ్చుకోలేదు. కాబట్టి ఫెల్ట్ సంచులను నేను సిఫారసు చేయను. విడివిడి కుండీలను చట్రానికి తగిలించే పద్ధతిని మాత్రమే ఇక్కడ వివరిస్తాను.

మొదటి పని: సుద్దముక్కతో గోడను చదవడం

మొక్కలు కొనకముందు ఒక సెలవు రోజు తీసుకొని, తెల్లవారినప్పటి నుంచి గంటకు ఒకసారి బాల్కనీలోకి వెళ్ళి, గోడ మీద ఎండ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పడుతున్నదో సుద్దముక్కతో గీత గీసి, పక్కన సమయం రాయండి. సాయంత్రానికి మీ గోడే మీకు ఒక పటం గీసి ఇస్తుంది. పై వరుసకు ఎక్కువ ఎండ, కింది వరుసకు తక్కువ ఎండ అని మనం ఊహించుకుంటాం. డాబా మీద, అంటే మిద్దెతోటలో, అది నిజమే కావచ్చు. పైన కప్పు ఉన్న బాల్కనీలో మాత్రం లెక్క తిరగబడుతుంది.

తూర్పు ముఖంగా ఉన్న బాల్కనీని ఉదాహరణగా తీసుకోండి. దాని లోతు నాలుగు అడుగులు, పై కప్పు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు, పిట్టగోడ ఎత్తు మూడు అడుగులు అనుకుందాం. సూర్యుడు ఇంకా కిందనే ఉన్నప్పుడు పిట్టగోడ నీడ లోపలి గోడ అడుగుభాగాన్ని కప్పుతుంది. సూర్యుడు పైకెక్కే కొద్దీ పిట్టగోడ నీడ తొలగిపోయి, కప్పు నీడ పైనుంచి దిగడం మొదలుపెడుతుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి, అంటే ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతానికి, కప్పు నీడ గోడ మీద ఐదున్నర అడుగుల దగ్గరికి దిగుతుంది. పదిన్నర ప్రాంతానికి అది రెండున్నర అడుగుల దాకా వచ్చేస్తుంది. అంటే ఇలాంటి గోడ మీద ఎక్కువసేపు ఎండ తగిలేది నడుమ వరుసలకు. పై వరుసకు ఎండ తొందరగా పోతుంది గానీ పిట్టగోడ అడ్డు లేని గాలి రోజంతా తగులుతుంది, కప్పు వేడి కూడా దానికే చేరుతుంది, అందువల్ల ఎండ తక్కువైనా మట్టి మాత్రం ముందుగా ఆరిపోతుంది. కింది వరుస పిట్టగోడ చాటున గాలి లేక, పై కుండీల నుంచి కారే నీళ్ళన్నీ తానే తాగుతూ ఉంటుంది. నా మొదటి తోటలో రెండు చివరలూ చచ్చి నడుము బతకడానికి సగం కారణం ఇదే. మిగిలిన సగం పడమటి ఎండ.

దిక్కుల విషయంలో ఒక మాట. హైదరాబాదులో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు, మిగతా ఏడాదంతా దక్షిణాన ఉంటాడు. అందుకే ఉత్తరపు బాల్కనీకి వేసవిలో కాస్త ఎండ తగిలి చలికాలంలో అసలు తగలదు. దక్షిణపు బాల్కనీకి చలికాలంలోనే ఎండ లోపలి దాకా వస్తుంది. మీరు సుద్ద గీతలు డిసెంబరులో గీస్తే వాటిని మే నెలకు నమ్ముకోకండి. తూర్పు బాల్కనీ ఉన్నవారు అదృష్టవంతులు. పడమటి బాల్కనీ ఉన్నవారు మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా సగం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టడానికి ముందే సిద్ధపడాలి.

బరువు లెక్క చూసి చట్రం చేయించడం

ఆరు అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న చట్రం ఒక కుటుంబానికి మొదటి ఏడాదికి చాలు. అందులో ఐదు వరుసలు, వరుసకు ఐదు కుండీలు, మొత్తం 25 కుండీలు పడతాయి. అట్టడుగు వరుస నేలకు అడుగు ఎత్తున, పై వరుస ఐదున్నర అడుగులకు మించకుండా, వరుసల మధ్య 13 అంగుళాల ఎడం ఉండేలా చూసుకోండి. స్టూలు ఎక్కితే తప్ప చేయి అందని కుండీకి నీళ్ళు పోయడం రెండు వారాలకు మించి ఎవరూ చేయరు.

ఇప్పుడు బరువు. ఆరంగుళాల కుండీలో సుమారు రెండు లీటర్ల మట్టి పడుతుంది. వట్టి ఎర్రమట్టి నింపి నీళ్ళు పోస్తే ఆ రెండు లీటర్లే మూడున్నర కిలోల పైన తూగుతాయి. కుండీ, మొక్క కలుపుకుంటే 25 కుండీలకు దాదాపు వంద కిలోలు. అదే కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన మిశ్రమం అయితే తడిసిన తరువాత కూడా కుండీకి రెండున్నర కిలోలకు మించదు, మొత్తం అరవై కిలోల చిల్లర అవుతుంది. బరువు తూచవలసింది ఎప్పుడూ తడి మట్టినే. పొడి మట్టిని తూచి సంతోషపడితే నీళ్ళు పోసిన రోజున గోడ నిజం చెబుతుంది.

అరవై కిలోలనైనా సరే గోడకు వేలాడదీయమని నేను చెప్పను. ఈ మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి బ్లాకులతో కట్టినవి; వాటిలో మామూలు ప్లగ్గు, స్క్రూ బరువు పడేకొద్దీ వదులైపోతాయి. డ్రిల్లు వేసినప్పుడు ఎర్రటి పొడి వస్తే ఇటుక. లేత బూడిదరంగు లేదా తెల్లటి మెత్తటి పొడి పిండిలా జలజలా రాలితే అది తేలికపాటి బ్లాకు. కాబట్టి బరువంతా నేల మీద నిలిచేలా, కాళ్ళున్న చట్రం చేయించుకోవడం మేలు. వెల్డింగు షాపులో అంగుళం స్క్వేర్ పైపుతో చట్రం, దానికి రెండంగుళాల గళ్ళున్న జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత పూసిన ఇనుప జాలీ), కింద ముందుకూ వెనక్కూ కలిపి అడుగున్నర పొడవైన పాదాలు చేయమని చెప్పండి. రెడ్ ఆక్సైడ్ పూసి, దాని మీద ఎనామిల్ రంగు రెండు పూతలు వేయించండి. మెష్‌ను వెల్డు చేసిన చోట్ల జింకు పూత మాడిపోతుంది కనుక తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది, ఆ చుక్కల మీద రంగు ప్రత్యేకంగా పడేలా దగ్గరుండి చూసుకోండి.

చట్రాన్ని గోడకు నాలుగంగుళాల దూరంలో నిలబెట్టి, పైన రెండు మూలలను మాత్రం క్లాంపులతో గోడకు కట్టండి. ఈ క్లాంపులు బరువు మోయవు. పిల్లలు పట్టుకొని ఊగినా, ఈదురుగాలి వీచినా చట్రం ముందుకు పడకుండా ఆపుతాయి. ఆ నాలుగంగుళాల ఖాళీ గోడకు ప్రాణం. దాన్లోంచి గాలి ఆడుతుంది, గోడ ఆరుతుంది, చీపురు దూరుతుంది. పిట్టగోడ అవతలి వైపుకు కుండీలు తగిలించే ఆలోచన మాత్రం ఎంత అందంగా కనిపించినా మానుకోండి. కింద మనుషులు నడుస్తుంటారు.

మట్టి కలపడం

కుండీలో మట్టి తక్కువ కాబట్టి అది ఒకేసారి మూడు పనులు చేయాలి: నీటిని పట్టి ఉంచాలి, ఎక్కువైన నీటిని వదిలేయాలి, బరువు తక్కువగా ఉండాలి. నేను వాడే పాళ్ళు ఇవి. కొబ్బరి పొట్టు ఐదు మగ్గులు, వానపాముల ఎరువు మూడు మగ్గులు, జల్లించిన ఎర్రమట్టి ఒక మగ్గు, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తెల్లటి, తేలికైన గుల్ల రాతి పలుకులు) ఒక మగ్గు. ఇలాంటి పది లీటర్ల మిశ్రమానికి రెండు గుప్పిళ్ళ వేపపిండి. 25 కుండీలకు యాభై లీటర్ల మిశ్రమం కావాలి. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మ ఒకటి నానబెడితే అరవై లీటర్లకు పైగా ఉబ్బుతుంది కనుక ఒక్క దిమ్మతో ఈ పని పూర్తయి, రెండోసారికి కూడా మిగులుతుంది.

ఆ దిమ్మను తెచ్చిన రోజే వాడకండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. రాత్రంతా నానబెట్టిన నీరు డికాక్షను రంగులో దిగుతుంది. ఆ నీటిని వంపేసి, పొట్టును పాత దుప్పటిలో వేసి పిండి, మళ్ళీ మంచినీళ్ళు పోసి నానబెట్టండి. ఇలా మూడుసార్లు చేసిన తరువాత దిగే నీరు లేత టీ రంగుకు వస్తుంది. ఈ పని విసుగు పుట్టిస్తుంది, నిజమే, అయినా కొత్తగా నాటిన మొక్కల ఆకుల కొసలు మాడిపోతున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ కడగని పొట్టే.

మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో గుప్పిట చెబుతుంది. తడిపిన మిశ్రమాన్ని ఒక గుప్పెడు తీసుకొని గట్టిగా పిసకండి. వేళ్ళ సందుల్లోంచి రెండు మూడు చుక్కలు మాత్రమే రావాలి, గుప్పిట విప్పితే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. నీళ్ళు ధారగా కారితే పెర్లైట్ కలపాలి. ముద్ద నిలవకపోతే ఎరువు కొంచెం పెంచాలి.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. చిన్న కుండీలో అది మేలు కంటే కీడే చేస్తుంది, ఎందుకంటే మట్టి పూర్తిగా తడిసి బరువెక్కితే తప్ప నీరు రాళ్ళలోకి దిగదు. తడి పొర ఎక్కడికీ పోదు, వేళ్ళకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది. రంధ్రం మీద కొబ్బరి పీచు ముక్క ఒకటి వేస్తే చాలు.

ఏ వరుసలో ఏది

సుద్ద గీతల పటాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. నేను చెప్పేది పైన లెక్క వేసిన తూర్పు బాల్కనీకి. మీ గీతలు వేరుగా ఉంటే వరుసలు కూడా మార్చుకోవాలి.

పై వరుసలో గాలికీ, వేడికీ తట్టుకొని, ఒక పూట నీళ్ళు మరచిపోయినా క్షమించే మొక్కలు ఉండాలి. వాము ఆకు దీనికి సరైనది. దాని మందపాటి ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటుంది, బజ్జీలకు పనికొస్తుంది, జలుబు చేసినప్పుడు కషాయానికీ పనికొస్తుంది. చిన్న కలబంద పిలకలు, స్పైడర్ ప్లాంట్ కూడా ఇక్కడ నిలుస్తాయి. పూలు పూయాలని నాచు మొక్కను పై వరుసలో పెడితే మాత్రం, ఎండ తొందరగా పోవడం వల్ల, ఆకులే మిగులుతాయి.

రెండు, మూడు వరుసలు ఆకుకూరలవి. మెంతికూర, కొత్తిమీర, తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర అన్నీ ఇక్కడ వస్తాయి. నాచు మొక్క పూయవలసింది కూడా ఇక్కడే. వంటింటికి ఎక్కువ ఉపయోగపడేవి ఈ పది కుండీలే కాబట్టి, చేయి వంచకుండా అందే ఈ ఎత్తును అలంకారపు మొక్కలకు ఇవ్వకండి.

నాలుగో వరుస పుదీనాకు, పొన్నగంటికి. పుదీనాకు ఎండ కంటే తడి ముఖ్యం. అది పక్క మొక్కల చోటును కూడా ఆక్రమించే స్వభావం కలది, విడి కుండీలో ఉండటం వల్ల ఆ బాధ లేదు. అట్టడుగు వరుస సింగోనియం, మనీ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్ వంటి నీడ మొక్కలకు వదిలేయండి. ఇంట్లో పాకే పిల్లలు గానీ, కుక్క, పిల్లి గానీ ఉంటే ఈ నిర్ణయం మారాలి: మనీ ప్లాంటు, సింగోనియం ఆకులు నమిలితే నోరు, గొంతు మంట పుట్టి వాస్తాయి. అలాంటి ఇళ్ళల్లో వాటిని పై వరుసకు పంపి, కింద ఫెర్నులూ, పొన్నగంటీ పెట్టుకోవచ్చు. పై వరుస మనీ ప్లాంటుకు నీళ్ళు మాత్రం మరచిపోకూడదు.

కరివేపాకు, నిమ్మ, గులాబీ ఈ కుండీల్లో పెట్టవద్దు. బతకవని కాదు, బతికీ ఎదగవు.

నాటడం

తోట మొదలుపెట్టడానికి మంచి కాలాలు రెండు: మృగశిర కార్తె వచ్చి తొలకరి పడిన తరువాతి జూన్ నెల, వర్షాలు తగ్గి ఎండ మెత్తబడే అక్టోబరు. మార్చిలో మొదలుపెడితే వేళ్ళు నిలదొక్కుకునే లోపే రోహిణి కార్తె వచ్చి పడుతుంది.

సగానికి పైగా మొక్కలను కొనవలసిన పనే లేదు. కూరగాయల బండి మీద కొన్న పుదీనా కట్టలోంచి నాలుగైదు గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తుంచి, గాజు గ్లాసులో రెండంగుళాల నీళ్ళు పోసి వంటింటి కిటికీలో ఉంచండి. నీటిని రోజూ మారుస్తూ ఉంటే వారం, పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు దారప్పోగుల్లా కనబడతాయి. అవి అంగుళం పొడవు వచ్చాక నాటుకోవాలి. పొన్నగంటి కాడ కూడా ఇలాగే వస్తుంది. వాము ఆకు కొమ్మను మాత్రం నీళ్ళలో పెట్టకుండా, తుంచిన చోటు ఆరేదాకా ఒక పూట నీడలో ఉంచి, నేరుగా మట్టిలో గుచ్చండి.

ధనియాలను అలాగే చల్లితే కొన్నే మొలుస్తాయి. ఒక్కొక్క ధనియంలో రెండు విత్తనాలు ఉంటాయి. అప్పడాల కర్రతో మెల్లగా నొక్కి రెండుగా విడదీసి, రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున వేస్తే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలకలు వస్తాయి. పచారీ కొట్టు మెంతులు మాత్రం మూడు నాలుగు రోజుల్లోనే మొలిచి, మూడు వారాలు దాటగానే కోతకు వస్తాయి. తోట పెంచడం కొత్త అయినవారు ధైర్యం కోసం ముందు మెంతులే చల్లుకోవాలని నా సలహా. ఒకేసారి అన్ని కుండీల్లో చల్లకుండా వారానికి ఒక కుండీ చొప్పున చల్లితే కూర విడవకుండా దొరుకుతుంది.

నర్సరీ నుంచి తెచ్చే మొక్కలు, అవి కడియం నుంచి లారీలో వచ్చినవైనా, ఊళ్ళోనే పెంచినవైనా, షేడ్ నెట్ కింద అలవాటు పడినవి. వాటిని తెచ్చిన రోజే చట్రానికి తగిలించవద్దు. వేరుముద్ద పెద్దదైతే చుట్టూ మట్టిని వేళ్ళతో వదులు చేసి మూడో వంతు రాల్చి, కుండీ అంచుకు అంగుళం కిందికి మట్టి ఉండేలా నాటి, వారం రోజులు నేల మీదనే నీడలో ఉంచండి. కొత్త చిగురు కనిపించిన తరువాతే దాని వరుసకు ఎక్కించాలి.

నీళ్ళు

మొదటి నెల చేత్తోనే నీళ్ళు పోయండి. డ్రిప్పు పెట్టుకోగల స్తోమత ఉన్నా సరే. ఏ కుండీ ఎంత తాగుతుందో చేతికి తెలియకుండా గొట్టాలకు అప్పగిస్తే, గొట్టం అన్నిటికీ సమానంగా పోస్తుంది, అంటే నేను మొదటిసారి చేసిన తప్పే మళ్ళీ చేస్తుంది.

తెలుసుకునే పద్ధతి తేలిక. ఉదయం కుండీని కొక్కెం నుంచి కాస్త పైకి ఎత్తి చూడండి. నీళ్ళు పోసిన వెంటనే ఎత్తినప్పుడు ఎంత బరువుందో, మర్నాడు ఎత్తినప్పుడు ఎంత తేలికైందో నాలుగు రోజుల్లో మీ మణికట్టుకే తెలిసిపోతుంది. అనుమానం ఉంటే చూపుడువేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. వేలి కొసకు తడి తగిలితే ఆ పూటకు నీళ్ళు వద్దు. పైన ఆరినట్టు కనిపించే కొబ్బరి పొట్టు లోపల తడిగానే ఉంటుంది, కంటిని నమ్మకండి.

వేసవిలో ఆరంగుళాల కుండీకి రోజుకు పావు లీటరు అటూ ఇటూగా పడుతుంది. పై వరుసకు సాయంత్రం ఇంకొక విడత కావలసి రావచ్చు. చలికాలంలో అందులో సగం చాలు. ముసురు పట్టిన రోజుల్లో కింది వరుసకు రెండు మూడు రోజులు ఏమీ పోయనక్కరలేదు. పైనుంచి కిందికి కాకుండా కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి పోయడం అలవాటు చేసుకోండి. అట్టడుగు కుండీ పైనుంచి చుక్కలు రాకముందు ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది.

తరువాత డ్రిప్పు పెట్టుకోవాలనుకుంటే, 16 మిల్లీమీటర్ల గొట్టాన్ని ప్రతి వరుస మీదుగా అడ్డంగా పరచి, కుండీకి ఒకటి చొప్పున గంటకు రెండు లీటర్లు వదిలే డ్రిప్పర్లు గుచ్చి, ఏ వరుసకు ఆ వరుసకు విడిగా చిన్న వాల్వు పెట్టించుకోండి. అసలు కిటుకు ఆ వాల్వుల్లోనే ఉంది. ఏడెనిమిది నిమిషాలు తిప్పితే కుండీకి పావు లీటరు చేరుతుంది. కింది వరుస వాల్వును మూడు నిమిషాలకే కట్టేయవచ్చు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో కొన్నాళ్ళకు కుండీ అంచున, రంధ్రం చుట్టూ తెల్లటి పొర పేరుకుంటుంది. అది నీటిలోని లవణం. నెలకు ఒకసారి కుండీలను కిందికి దించి, రంధ్రంలోంచి ధారాళంగా కారేదాకా నీళ్ళు పోసి మట్టిని కడగాలి. డ్రిప్పర్లను కూడా విప్పి, వెనిగరు కలిపిన నీళ్ళలో నానబెడితే పూడిక కరుగుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని పారేయడం ఇష్టం లేక మొక్కలకు పోసేవారు ఉన్నారు. ఆ నీటిలో లవణాలు మామూలు నీటి కంటే ఎక్కువగా ఉంటాయి కనుక దాన్ని ఇల్లు తుడవడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, వేసవిలో దాన్ని బకెట్టులో పట్టి నిరభ్యంతరంగా పోసుకోవచ్చు.

చట్రం కింద పొడవాటి ట్రే ఒకటి ఉంచి, అందులో చేరిన నీటిని ఏ రోజుకారోజు పారబోయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికొకసారి డ్రై డే, అంటే నిల్వ నీళ్ళన్నీ పారబోసే రోజు, పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. ఆ రోజున ట్రేను అడుగు, అంచులు రుద్ది కడిగి బోర్లించండి, ఎందుకంటే గుడ్లు నీటిలో కంటే గోడలకే అంటుకొని ఉంటాయి. బాల్కనీ తూముకు జాలీ బిల్ల పెట్టడం మరచిపోకండి, లేకపోతే మొదటి పెద్ద వానకు రాలిన ఆకులు దానికి అడ్డం పడతాయి.

ఎరువు, తెగుళ్ళు, పావురాలు

నీళ్ళు పోసిన ప్రతిసారీ కొంత పోషకం కిందికి కొట్టుకుపోతుంది. అందువల్ల ఆకుకూరల కుండీలకు ఇరవై రోజులకు ఒకసారి గుప్పెడు వానపాముల ఎరువు పైన చల్లి మట్టిని గుల్ల చేయాలి. ద్రవ జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం వంటివి పులియబెట్టి చేసే ఎరువు) దొరికేవారు ఒక పాలుకు పది పాళ్ళ నీళ్ళు కలిపి పదిహేను రోజులకొకసారి పోసుకోవచ్చు, వాసన ఒక పూట ఉంటుంది. నీడ మొక్కలకు రెండు నెలలకు ఒకసారి ఎరువు చాలు. ఏడాది తిరిగేసరికి కొబ్బరి పొట్టు చివికి కుండీలో మట్టి రెండంగుళాలు దిగిపోతుంది, అప్పుడు సగం తీసేసి కొత్త మిశ్రమం నింపండి.

గోడ మీద మొక్కలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి కాబట్టి పిండినల్లి ఒక చోట కనబడితే వారంలో వరుసంతా పాకుతుంది. విడి కుండీల వల్ల ఉన్న పెద్ద లాభం ఇక్కడే తెలుస్తుంది: పట్టిన కుండీని దించి, దూరంగా పెట్టి, దూదితో పిండిని తుడిచి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా పిచికారీ చేయాలి. వారం తరువాత మళ్ళీ ఒకసారి. వేసవిలో ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున బూజు దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి. దానికి పొడి గాలి ఇష్టం కనుక, ఉదయం పూట ఆకుల అడుగున నీటిని జల్లుగా కొడితే చాలావరకు తగ్గుతుంది.

నగరంలో వీటన్నిటికంటే పెద్ద తెగులు పావురం. కొత్తగా విత్తనం చల్లిన కుండీని అది గూడు కోసమే పెట్టారనుకుంటుంది. బాల్కనీకి వల లేనివారు మొలకలు రెండంగుళాలు వచ్చేదాకా కుండీల మీద వెల్డ్ మెష్ ముక్కలు గానీ, పాత చీపురు పుల్లలు గుచ్చి గానీ కాపాడుకోవాలి. గుడ్డు పెట్టిందంటే మనసొప్పి తీయలేం, ఆ నెలకు ఆ కుండీ దానిదే.

కూరగాయలు కావాలంటే

రెండు లీటర్ల కుండీల్లో కూరగాయలు ఆశించకండి. అందుకు పాత పందిరి పద్ధతే దారి: చట్రం పక్కన నేల మీద ఇరవై లీటర్లకు తగ్గని గ్రో బ్యాగు ఒకటి పెట్టి, దాన్లోంచి తీగను పురికొస మీదుగా కిటికీ గ్రిల్లు మీదికి ఎక్కించడం. చదరపు అడుగున్నర నేలలో ఇంతకు మించి పంట ఇచ్చే ఏర్పాటు మరొకటి లేదు. మూడు నాలుగు గంటల ఎండ మాత్రమే ఉన్నవారు బచ్చలి పెట్టుకోవాలి. ఐదారు గంటలు ఉన్నవారు దొండ కొమ్మ నాటుకుంటే ఏళ్ళ తరబడి కాస్తుంది. సొర పెట్టాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: దాని పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, నాలుగో అంతస్తుకు ఆ వేళప్పుడు పురుగులు వస్తాయన్న నమ్మకం లేదు, కాబట్టి దీపాల వేళ మగ పువ్వు కోసి, రేకులు వలిచి, పిందె ఉన్న ఆడ పువ్వు నడుమ పుప్పొడిని మెల్లగా అద్దవలసిన పని మీదే.

ఊరికి వెళ్ళేటప్పుడు

రెండు రోజుల ప్రయాణమైతే వెళ్ళే ముందు రాత్రి బాగా తడిపి, మర్నాడు ఉదయం పై రెండు వరుసలకు మళ్ళీ పోసి వెళితే చాలు. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్ళేవారు పై మూడు వరుసల కుండీలను దించి, నీడ తగిలే మూలన ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. గుంపుగా ఉన్న కుండీల నుంచి నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. వాటి మధ్య పీట మీద నిండు బకెట్టు ఉంచి, పాత నూలు పంచెను పొడవుగా చింపి పేనిన వత్తులను ముందే తడిపి, ఒక కొసను బకెట్టు అడుగుకు తగిలేలా, రెండో కొసను కుండీ మట్టిలో రెండంగుళాల లోతుకు దూర్చండి. ఈ ఏర్పాటును ప్రయాణానికి రెండు రోజుల ముందే పెట్టి, మట్టి తడి అందుకుంటున్నదో లేదో వేలు దించి చూసుకోండి. వత్తులు దూరేంత సందు మాత్రం వదిలి బకెట్టు మీద తడిగుడ్డ కప్పి తాడుతో బిగించి వెళ్ళండి, లేకపోతే మీరు తిరిగివచ్చేసరికి అందులో దోమలు పుట్టి ఉంటాయి.